కాటి సీనులో ఆ పద్యాలు ఎవరివి?

సత్య హరిశ్చంద్ర నాటకం ఒక్కసారైనా చూసినవాళ్ళకి కాటి సీను గురించి వేరే చెప్పనక్కర్లేదు. తెల్లవారుజాము అవుతుంది. పిల్లలు చాపల మీద నిద్రపోతుంటారు. తెర లేచేసరికి భుజాన కంబళి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు నిలబడి ఉంటాడు. హార్మోనిస్టు శ్రుతి అందిస్తాడు. శ్మశానాన్ని నాలుగు దిక్కులా కలయజూసి ఆయన పద్యం అందుకోగానే, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవాళ్ళంతా సర్దుకుని కూర్చుంటారు. ఏళ్ళు గడిచిపోయినా ఇక్కడ కన్నుమూసినవాడు ఒక్కడూ లేచి రాలేదని ఒక పద్యం. కవి కలమూ, రాజు ముద్రికా, ఇల్లాలి నల్లపూసలూ, చిత్రకారుడి కుంచె అన్నీ ఇక్కడే అంతమయ్యాయని ఇంకో పద్యం. కొత్త సమాధి మీద మినుకుమినుకుమనే దీపం గురించి మరొకటి. వన్స్‌మోర్‌లు పడేదీ, నోట్ల దండలు లేచేదీ ఇక్కడే.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో ఈ నాటకం రాశారు. ఆ రచనలో ఈ పద్యాలు లేవు. జనం ఏ పద్యాల కోసం తెల్లవార్లూ మేలుకుంటారో అవే కర్త రాసినవి కావు. మరి ఎవరివి? ఎలా వచ్చాయి? వచ్చినవి వచ్చినట్టే ఎందుకు ఉండిపోయాయి?

అండమాన్‌లో ఉంటూ ఈ సంగతి తవ్వడమేమిటని అనిపించవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వీళ్ళలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పోర్ట్‌బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు గానీ, జంగ్లీఘాట్ వీధుల్లో ఉత్తరాంధ్ర యాస ఏమీ మారలేదు. విశాఖ నుంచి ఓడ రావడానికి రెండు మూడు రోజులు పట్టే చోట నాటకం కంటే ముందు నాటకం క్యాసెట్టే వచ్చింది. ఒక ఇంట్లో డి.వి. సుబ్బారావు, ఇంకో ఇంట్లో చీమకుర్తి నాగేశ్వరరావు. ఇద్దరూ హరిశ్చంద్ర పాత్రకు పెట్టింది పేరు. ఇద్దరి కాటి సీనులూ పక్కపక్కన పెట్టి వినడం, ఎవరు రాగం ఎక్కడ తీశారు, ఎవరు మాట మింగేశారు, ఎవరు ఊపిరి ఆపి పాదం చివరిదాకా లాగారు అని వాదించుకోవడం ఇక్కడి పెద్దలకు ఇప్పటికీ సరదా. పడమటి దేశాల్లో ఒపేరా పిచ్చివాళ్ళు ఒకే పాటకు పదిమంది గాయకుల రికార్డులు పోగేసి తూకం వేస్తారట. మన పద్యనాటక ప్రియులు ఆ పనిలో ఎవరికీ తీసిపోరు.

అలాంటి వాదన ఒకదానిలో ఒకాయన పాత నాటకం పుస్తకం తెచ్చి, క్యాసెట్టుతో పాటు పేజీలు తిప్పుతూ వెళ్ళాడు. మధ్యలో పేజీ ఆగింది, పద్యం ఆగలేదు. పక్కనున్న పెద్దాయన నవ్వి, "బుక్కులో నేదు బాబూ. గానీ అది నేకపోతే కాటిసీనేటి?" అన్నాడు. ఆయన అన్న రెండు ముక్కల్లో మొదటిది చిక్కు అయితే, రెండోది దానికి సగం జవాబు. మిగతా సగం కోసం ఆనవాళ్ళు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి ఆనవాలు: కథ

పద్యాల్లో ఏముందన్న దానికంటే ముందు ఏం లేదో చూడాలి. కాటి సీను చేరేసరికి హరిశ్చంద్రుడి నెత్తిన ఎన్ని కష్టాలో! విశ్వామిత్రుడి అప్పు, వెంటపడి వేధించిన నక్షత్రకుడు, కాలకౌశికుడికి అమ్ముడుపోయిన చంద్రమతి, తనను కొనుక్కున్న వీరబాహుడు. ఇంత భారం మోస్తున్న మనిషి నోరు విప్పితే ఇందులో ఒక్కటైనా రావాలి కదా? ఈ పద్యాల్లో ఒక్క పేరూ లేదు, ఒక్క సంఘటనా లేదు. పాడుతున్నది రాజని గానీ కాపరి అని గానీ చెప్పే మాట ఒక్కటి లేదు. దారిన పోతూ శ్మశానం ముందు ఆగినవాడెవడైనా ఇవే మాటలు అనుకోవచ్చు.

కాబట్టి ఇవి నాటకం కోసం పుట్టినవి కావు. స్వతంత్రంగా ఎక్కడో పుట్టి తర్వాత ఇక్కడికి చేరాయి. అంటే మనం వెతకవలసింది నాటకకర్తను కాదు, ఖండకావ్యాలు రాసిన కవిని.

రెండో ఆనవాలు: దీపం

నాటకంలో కాడు ఉన్నది కాశీలో. కాశీ అంటే కట్టెలు, చితి, బూడిద. అక్కడి హరిశ్చంద్ర ఘాట్‌లో ఇప్పటికీ చితులు కాలుతూనే ఉంటాయి. బలిజేపల్లి వారి కాటి సీను పద్యాల్లో అదే కనిపిస్తుంది. నా ఇల్లాలు, నా కొడుకు అంటూ ప్రాణమున్నంతకాలం అల్లాడిన ఈ శరీరం కట్టెల మీద కాలుతుంటే ఆ ఇల్లాలూ రాదు, ఆ కొడుకూ రాడు అని ఆయన పద్యం సాగుతుంది. కాశీ కాటికి అచ్చంగా సరిపోయే పద్యం.

దీపం పద్యం సంగతి వేరు. అక్కడ చీకట్లో మునిగిన కొత్త సమాధి ఉంది. దాని మీద ఎవరో పెట్టి వెళ్ళిన దివ్వె ఉంది. అది దీపం కాదు, బిడ్డ కోసం తల్లి అక్కడ నిలిపి వెళ్ళిన గుండె అంటాడు కవి. శవాన్ని కాల్చే చోట కొత్త సమాధి ఎక్కడిది? సమాధి మీద దీపం పెట్టే అలవాటు ఎవరిది? చనిపోయినవాళ్ళను పూడ్చే ఆచారం తెలుగు ఊళ్ళలో చాలా కులాలకు ఉంది, క్రైస్తవులకూ ఉంది. ఈ కవి కళ్ళ ముందున్నది గంగ ఒడ్డు ఘాట్ కాదు. ఊరి చివర మట్టిదిబ్బల మధ్య, ఏ పేదరాలో దీపం పెట్టి వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిన చోటు అది.

ఎదురు సాక్ష్యం కూడా ఉంది. నల్లపూసలు గంగలో కలిసిపోయాయన్న మాట సీసపద్యంలో వస్తుంది. కవి కలం నిప్పులో కరిగిపోతుంది. శివుడు పిశాచాలతో ఆడే రంగస్థలం ఇదేనని ఎత్తుగీతిలో ఉంటుంది. గంగ, నిప్పు, శివుడు మూడూ కాశీ గుర్తులే. సమాధి దీపం ఒక్కటీ పొసగకపోయినా ఈ మూడింటి నీడలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పద్యాలు కాశీలోకి దొరలడానికి దారి దొరికింది ఇక్కడే.

మూడో ఆనవాలు: కాళిదాసు

ఈ వరసకే చెందిన పద్యం మరొకటి ఉంది. కాళిదాసు, భారవి వంటి మహాకవుల శరీరాలు మట్టిలో కలిసి, ఆ పరమాణువులు ఇప్పుడు ఏ కుమ్మరివాడి సారె మీద ఏ రూపు దాలుస్తున్నాయో అన్న ఊహ అందులో ఉంది. హరిశ్చంద్రుడి నోట ఇది వస్తే ఏమవుతుంది? ఆయన ఇక్ష్వాకు వంశపు రాజు, రాముడికి పూర్వుడు. కాళిదాసు రఘువంశం రాసింది ఆ వంశం మీదే. తన వంశ చరిత్రను ఎన్నో తరాల తర్వాత కావ్యం చేయబోయే కవి ఎప్పుడో మట్టిలో కలిసిపోయాడని ముత్తాత బాధపడుతున్నాడన్నమాట! బలిజేపల్లి వారి వంటి పండితుడు ఈ పొరపాటు చెయ్యడు. కవి తన కాలంలో నిలబడి తన సాటి కవులను తలుచుకుంటున్నాడు తప్ప, హరిశ్చంద్రుడు ఆయన మనసులోనే లేడు.

ఇక్కడ మనకు అనుమానితులు దొరుకుతారు. మట్టిలో కలిసిన మనిషి కుమ్మరి సారె ఎక్కడమనేది ఒమర్ ఖయ్యాం మార్కు ఊహ. ఖయ్యాంను పానశాల పేరుతో తెలుగులోకి తెచ్చినవారు దువ్వూరి రామిరెడ్డి. 1895లో పుట్టిన కవి, కాలం సరిపోతుంది. రెండో పేరు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి. పుష్పవిలాపం ఘంటసాల గొంతులో విన్నవాళ్ళలో కరుణరసం పొంగే ఖండకావ్య పద్యం ఏది వినబడినా ఆయనదేననుకునే అలవాటు కొందరికి ఉంది. కాకపోతే నాటకం పుట్టిన 1912లోనే ఆయనా పుట్టారు. తొలి ప్రదర్శనల నాటికి ఉయ్యాల్లో ఉన్నారు. తర్వాత రాసి ఉండవచ్చు కదా అనవచ్చు. ఇద్దరినీ కాదనిపించే ఆనవాలు తర్వాతి పద్యంలో ఉంది.

నాలుగో ఆనవాలు: అస్పృశ్యత

ఈ పద్యాలన్నిటిలో, జంగ్లీఘాట్‌లో క్యాసెట్టు వింటుంటే ఈలలు పడేది దీనికే. అస్పృశ్యత ఈ చోట అడుగు పెట్టడానికి వీల్లేదని మొదలుపెట్టి, పులీ మేకా భేదం లేకుండా అందరినీ ఒక్కలాగే చూసే ధర్మం ఇక్కడ ఉందని ముగిస్తాడు కవి. సముద్రం దాటితే కులం పోతుందని భయపడి ఓడెక్కనివాళ్ళు ఉన్న దేశంలో, సముద్రం దాటి వచ్చినవాళ్ళ పిల్లలు ఈ పద్యానికి చప్పట్లు కొడుతుంటే వింతగా ఉంటుంది.

శ్మశానంలో అందరూ సమానమని వేమన నాటి నుంచీ చాలామంది అన్నారు. రాజూ పేదా ఒకటే అంటారు, పండితుడూ పామరుడూ ఒకటే అంటారు. ఈ కవి మాత్రం అంటరానితనం పేరు పెట్టి పిలిచాడు. వైరాగ్యం చెప్పేవాడు అలా పిలవడు. బతికి ఉండగా దొరకని మర్యాద చచ్చాకైనా దొరుకుతుందని ఎత్తిపొడిచేవాడు పిలుస్తాడు. ఈ మాటలో ఉన్నది తత్త్వం కాదు, దెబ్బతిన్నవాడి కసి.

సమాధి మీద దీపం తెలిసినవాడు. పారశీక కవిత్వపు గాలి సోకినవాడు. సంస్కృత కవులను తన బంధువుల్లా తలుచుకునేవాడు. వృత్తపద్యం మీదా సీసం మీదా సమానంగా చెయ్యి తిరిగినవాడు. అన్నిటినీ మించి అంటరానితనం కాటు తిన్నవాడు. ఇవన్నీ ఒకేచోట కలిసిన తెలుగు కవి ఒక్కడే ఉన్నాడు.

గుర్రం జాషువా. 1895 సెప్టెంబర్ 28న వినుకొండ ప్రాంతంలో పుట్టారు. మాదిగ తల్లి, యాదవ తండ్రి, క్రైస్తవ కుటుంబం. పారశీక కవి మీద ఫిరదౌసి రాశారు. గబ్బిలంలో ఒక అస్పృశ్యుడు తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి గబ్బిలంతో చెప్పి పంపుతాడు. గుడిలోకి తాను వెళ్ళలేడు, గబ్బిలం వెళ్ళగలదు. మన ఊహ ఇక్కడితో ఆగనక్కర్లేదు, అచ్చు సాక్ష్యమే ఉంది. జాషువా ఖండకావ్యాల్లో శ్మశానవాటి అనే ఖండిక తెరిస్తే కాటి సీనులో వినిపించే ఈ పద్యాలన్నీ కనిపిస్తాయి. ఏళ్ళు గడిచాయన్న శార్దూలం, నాలుగు వస్తువులు నశించాయన్న సీసం, దీపం గురించిన చంపకమాల, అస్పృశ్యత గురించిన మత్తేభం అక్కడున్నాయి. కాళిదాసూ అక్కడే ఉన్నాడు. నాటకం వెలువడిన 1912లో జాషువాకు పదిహేడేళ్ళు నిండీ నిండని వయసు. కనుక ముందు నాటకం, తర్వాత పద్యాలు, ఆ తర్వాత రెండింటి కలయిక. తేదీల లెక్కలో ఇంక సందేహం లేదు.

ఎవరివో తేలింది. ఎలా వచ్చాయి?

ముందు ఊరు చూద్దాం. బలిజేపల్లి వారు గుంటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేశారు, అక్కడే చంద్రికా ముద్రణాలయం నడిపారు. జాషువా కూడా గుంటూరులోని లూథరన్ శిక్షణ పాఠశాలలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. పక్కనే తెనాలి, నటులకు పుట్టినిల్లు. ఒకరు నాటకం రాసిన ఊళ్ళోనే రెండోవారు పద్యాలు చదువుతున్నారు, ఆ చుట్టుపక్కల నటులు ఇద్దరినీ వింటున్నారు. ఇది అవకాశం మాత్రమే, రుజువు కాదు. రుజువు నాటకం నడిచే తీరులో ఉంది.

కంట్రాక్టు నాటకంలో ఒక రాత్రికి ఒకే హరిశ్చంద్రుడు ఉండడు. అడవి సీనుకు ఒకరు, వారణాసి సీనుకు మరొకరు, కాటి సీనుకు ఇంకొకరు. కరపత్రంలో ముగ్గురి పేర్లూ పెద్దక్షరాల్లో ఉంటాయి. కృష్ణ రాయబారంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు వచ్చినట్టే. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, అబ్బూరి వరప్రసాదరావులలో ఎవరి కృష్ణుడు గొప్ప అని మన పెద్దలు తన్నుకున్నదీ ఇందుకే. జనం కథ చూడ్డానికి రారు. కథ వాళ్ళకు తెలుసు. ఆ రాత్రి ఆ నటుడు ఆ పద్యాన్ని ఎలా పాడతాడో వినడానికి వస్తారు.

ఇప్పుడు కాటి సీను దక్కిన నటుడి సంగతి ఆలోచించండి. ముందు ఇద్దరు హరిశ్చంద్రులు వన్స్‌మోర్‌లు కొట్టేసి వెళ్ళారు. తెల్లవారబోతోంది. తన చేతిలో ఉన్నది ఒక్క సీను. జనాన్ని లేపి కూర్చోబెట్టాలి. నాటకంలో ఉన్న పద్యాలు నిన్న రాత్రి పక్క ఊళ్ళో ఇంకొకరు పాడేశారు. కొత్తది కావాలి. శ్మశానం మీద, ఏ పాత్ర పేరూ లేకుండా, రాగానికి ఒదిగే పద్యాలు సిద్ధంగా దొరికితే వదిలేస్తాడా?

అందులోనూ ఆ సీసపద్యం పాటగాడి కోసం చేసినట్టే ఉంటుంది. నాలుగు పాదాలూ ఒకే మాటతో మొదలవుతాయి. మొదటి పాదంలో ఆ మాట మీద గొంతు నిలిపి రాగం తీస్తాడు. రెండో పాదానికి అదే మాట మళ్ళీ రాగానే జనానికి దారి తెలిసిపోతుంది. మూడో పాదానికి పోటీగా హార్మోనియం లేస్తుంది. నాలుగోసారి ఆ మాట ఎత్తుకోకముందే ముందు వరసల్లోంచి చప్పట్లు. అక్కడి నుంచి నాలుగు పొట్టి పాదాల ఎత్తుగీతిలోకి దిగి ఒక్క విసురుతో ముగించేస్తాడు. నాలుగు మెట్లు ఎక్కించి ఒక్క దూకు దూకించే ఇలాంటి కట్టడం నటుడికి వరం.

ఇలా అతికించడం మన రంగస్థలానికి కొత్త కాదు. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావృత్తిని దుయ్యబడుతూ చింతామణి రాస్తే, సుబ్బిశెట్టి పాత్రను నటులు తరాల తరబడి సాగదీసి ఇంకోటి చేశారు. ఆ పాత్ర తీరు మీద ఆర్యవైశ్యుల అభ్యంతరాలతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. నటుడి చెయ్యి పడితే నాటకం దిగజారవచ్చు, ఎదగవచ్చు. చింతామణికి మొదటిది జరిగింది, హరిశ్చంద్రకు రెండోది.

ఒపేరా లోకంలోనూ ఇదే తంతు. రోసీని 1816లో కూర్చిన బార్బర్ ఆఫ్ సెవిల్‌లో సంగీతపాఠం సీను ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో పేరుమోసిన గాయనులు అక్కడ రోసీని పాటను పక్కన పెట్టి తమకు నచ్చిన పాట పాడుకునేవారు. మనకు దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. సింహళంలో ముత్యాల వేటగాళ్ళ కథతో బిజే కూర్చిన ద పెర్ల్ ఫిషర్స్ 1863లో పారిస్‌లో ప్రదర్శించారు. అందులో ఇద్దరు స్నేహితులు కలిసి పాడే పాట జగత్ప్రసిద్ధం. 1875లో బిజే పోయాక ప్రచురణకర్తలు ఆ పాట చివరిభాగం తీసేసి, మొదట వచ్చిన తియ్యని వరసనే మళ్ళీ పెట్టారు. 1863 నాటి పియానో ప్రతి ఆధారంగా పండితులు అసలు ముగింపును వెనక్కి తెచ్చినా, శ్రోతల్లో ఎక్కువమంది ఆ మార్చిన ముగింపునే కోరుకుంటారు. కర్త రాసినదొకటి, జనం ఒప్పుకున్నది ఇంకొకటి.

ఆపైన రికార్డుల మాయ ఒకటుంది. పాత గ్రామఫోన్ పళ్ళెంలో ఒక వైపుకు పట్టేది మూడు నిమిషాలు. రాగంతో సహా ఒక్క పద్యం. నాటకంలోంచి పద్యాన్ని విడదీసి అమ్మడం అక్కడ మొదలైంది. తర్వాత క్యాసెట్టు వచ్చింది. సీను మొత్తం పట్టింది గానీ, అట్ట మీద నటుడి బొమ్మ పెద్దగా, నాటకం పేరు చిన్నగా ఉండేది. సీను హరిశ్చంద్రది కాబట్టి అందులో ఉన్నవన్నీ బలిజేపల్లి వారివేనని విన్నవాళ్ళు సహజంగానే అనుకున్నారు. ఓడలో అట్ట చిరిగిపోయి వచ్చిన క్యాసెట్టుకైతే ఆ పేరు కూడా లేదు.

ఇంక మిగిలింది ఒకే ప్రశ్న. అతికించినవి ఎన్నో రాలిపోయాయి. ఇవెందుకు రాలలేదు?

జవాబు కాటి సీను తర్వాతి ఘట్టంలో ఉంది. పద్యాలు అయ్యాక చంద్రమతి వస్తుంది, చేతుల్లో పాముకాటుతో పోయిన కొడుకు లోహితుడు. కాటిసుంకం కట్టనిదే దహనం కుదరదంటాడు కాపరి. తన దగ్గర ఏమీ లేదంటుంది. మెడలో మంగళసూత్రం ఉంది కదా అంటాడు. భర్తకు తప్ప ఎవరికీ కనబడని సూత్రం అది. అలా ఒకరినొకరు గుర్తుపడతారు.

ఇప్పుడు జాషువా పద్యాల్లో ఉన్నవి వరసగా చూడండి. నశించిన రాజముద్రిక హరిశ్చంద్రుడి పాత జీవితం. నీటిలో కలిసిన ఇల్లాలి నల్లపూసలు రాబోయే మంగళసూత్రం ఘట్టానికి నాంది. బిడ్డ సమాధి మీద తల్లి పెట్టిన దీపం, మరో నిమిషంలో బిడ్డను మోసుకొచ్చే చంద్రమతికి ముందు నడిచే వెలుగు. అస్పృశ్యతకు చోటు లేదన్న మాట, చండాలుడి కొలువులో ఉన్న చక్రవర్తి నోట పలికితే దాని బరువే వేరు. కవి హరిశ్చంద్రుణ్ణి తలచుకోకుండా రాసినా, ప్రతి పద్యం ఆ కథలో ఒక్కో కొక్కేనికి వెళ్ళి తగులుకుంది. పాత్ర పేరు లేకపోవడమే వీటికి ఆసరా అయింది. హరిశ్చంద్రుడు తన బాధ చెప్పుకుంటే అది అతని ఒక్కడి బాధే. అందరి చావు గురించి మాట్లాడి, మరునిమిషం తన కొడుకు శవాన్నే చూస్తే ఆ దెబ్బ వేరుగా ఉంటుంది.

సమాధి పొసగలేదని ముందు అనుకున్నాం. కాశీ కాటిలో సమాధి ఉండదన్నది నిజమే. అయితే నాటకం చూస్తున్న జనం చూస్తున్నది కాశీని కాదు, తమ ఊరి చివరి దిబ్బను. వాళ్ళు దీపం పెట్టి వచ్చిన చోటునే.

కాబట్టి తీర్పు ఇది. ఘట్టం బలిజేపల్లి వారిది. కథను అంత ఎత్తుకు తీసుకెళ్ళి, భర్తే భార్యను సుంకం అడిగే ఆ క్షణాన్ని ఈ నాటకంలో నిలబెట్టింది ఆయన. అది లేకపోతే ఈ పద్యాలు పుస్తకంలో మంచి పద్యాలుగా ఉండిపోయేవి. పద్యాలు జాషువావి. అందులో మరో మాట లేదు. వాటిని తెచ్చి కలిపిన తెలివి నటులది. ఎక్కడ ఏది అతుకుతుందో పండితుల కంటే ముందు వాళ్ళకే తెలిసింది. డి.వి. సుబ్బారావు క్యాసెట్టు వింటూ మనం మెచ్చుకుంటున్నది ఈ మూడు చేతుల పనిని.

ముగ్గురిలో ఇద్దరి పేర్లు కరపత్రం మీద ఉన్నాయి. మూడో పేరు లేదు. ఊరి అరుగు మీద కూర్చోనివ్వని రోజుల్లో పెరిగిన కవి పద్యం ఆ అరుగు ముందే తెల్లవార్లూ మోగింది, ఆయన పేరు మాత్రం మోగలేదు. 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది, 1971లో ఆయన వెళ్ళిపోయారు. కాటి సీను కరపత్రం మీద పేరు ఇప్పటికీ అప్పుగానే ఉంది.

ఈ అప్పు తీర్చడానికి చట్టం అక్కర్లేదు. ఈసారి మీ ఊళ్ళో హరిశ్చంద్ర ఆడించేవాళ్ళు, అది గుంటూరు కావచ్చు, జంగ్లీఘాట్ కావచ్చు, కరపత్రంలో ఒక్క పంక్తి వేయించండి: కాటి సీనులో శ్మశానవాటి పద్యాలు, రచన గుర్రం జాషువా. మైకు ముందు నిలబడే పెద్దమనిషి తెర లేచే ముందు ఆ పేరు ఒక్కసారి చదివితే చాలు.